గ్లాసు మారితే రుచి మారుతుందా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. ఆ వేడి కాస్త చల్లారేటట్టు ఏదైనా తేలిక విషయం మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. విషయం కూడా వారే ఇచ్చారు. కిందటి సమావేశంలో టీ తాగుతూ ఒక మిత్రుడు, "అమెరికాలో మావాడు వైన్ తాగడానికి ఒక్కో గ్లాసు మూడు వేలు పోసి కొన్నాడండీ. ఉంటే గింటే మహత్యం సరుకులో ఉండాలి గాని గ్లాసులో ఏముంటుంది?" అన్నారు. పక్కనున్నవారు నన్ను చూపించి, "ముప్ఫై అయిదేళ్ళు అబ్కారీలో చేశారుగా, వారినడగండి" అన్నారు. ఆ విధంగా ఈ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

ముందుగా ఒక మనవి. నేను 1974లో అబ్కారీ శాఖలో చేరి 2009లో రిటైరయ్యాను. రిజిస్టర్లలో లక్షల లీటర్లు కూడి తీసివేశాను గాని చుక్క నోట పెట్టినవాణ్ణి కాను. మా ఆవిడ ఈ సభలోనే ఉన్నది కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. పైగా మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు ఉన్న దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు దొరుకుతాయి. వైన్ అడిగితే మాత్రం కొట్టువాడు మన మొహం వంక చూస్తాడు. కాబట్టి వైన్ గురించి నా శాఖానుభవం సున్న.

అయితే గ్లాసు గురించి కొంత తెలుసు. కల్లు తాగేవారు తాటాకు మడిచి దొప్పలా పట్టుకుని అందులో పోయించుకోవడం మనందరం చూసిందే. ఆకు పచ్చి వాసన కూడా కల్లుకు తోడైతేనే బాగుంటుందని చెప్పేవారు. సారా ప్యాకెట్ల రోజుల్లో ఆ పాటి గ్లాసు కూడా లేదు. మూల పంటితో కొరకడం, గొంతులో పిండుకోవడం, ప్యాకెట్ రోడ్డు మీద పారేయడం. తనిఖీ అధికారుల వెంట రికార్డులు మోసుకుని పల్లెలకు వెళ్ళినప్పుడు ఆ ఖాళీ ప్యాకెట్లు చెప్పుల కింద జారుతుండేవి. అది రుచి కోసం తాగేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడ్డారంటే ఊరికే తిరగబడలేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఈ మూడింటి తాలూకు కాగితాలూ నా చేతుల మీదుగా నడిచినవే. ఆ సంగతులు మరొక రోజు. నేను గమనించిందేమిటంటే, నిదానంగా కూర్చుని ఆస్వాదించే చోటనే మనిషికి గ్లాసు కావలసి వస్తుంది.

2018లో కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర అయిదు నెలలు ఉన్నాం. ఒక ఆదివారం మా అల్లుడు నాపా లోయకు తీసుకువెళ్ళాడు. కొండల మధ్య ఎటు చూసినా ద్రాక్ష తోటలే. అక్కడ గ్లాసు నిండా పోయరు. మూడో వంతు పోస్తారు, అంతే. మన పెళ్ళిళ్ళలో పాయసం అలా పోస్తే మగపెళ్ళివారు లేచిపోతారు. ఆ గ్లాసుకు కడుపు లావు, మూతి సన్నం, కింద పొడుగాటి కాడ. కాడ పట్టుకుంటే చేతి వేడి లోపలి సరుకుకు తగలదట. లావు కడుపులో గిరగిర తిప్పితే వాసన పైకి లేస్తుందట. సన్నటి మూతి ఆ వాసనను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుందట. ఎర్ర వైన్‌కు పెద్ద గ్లాసు, తెల్ల వైన్‌కు చిన్న గ్లాసు, బుడగల వైన్‌కు సన్నటి గొట్టం లాంటి గ్లాసు. ఆస్ట్రియా దేశంలో రీడెల్ అనే గాజు తయారీ కుటుంబం వారు 1973లోనే రకరకాల వైన్‌లకు రకరకాల ఆకారాల గ్లాసుల వరుస ఒకటి తెచ్చారని, ఇప్పుడున్న ఈ పద్ధతికి మూలం చాలావరకు వారేనని అల్లుడు చెప్పాడు.

ఇంటికి వచ్చాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఒక వాదన వినగానే రుజువులు జతపరచమని రాయడం ముప్ఫై అయిదేళ్ళ అలవాటు గదా. "మామయ్యగారూ, పరీక్ష పెడదాం" అన్నాడు అల్లుడు. వైన్ గ్లాసు ఒకటి, మా ఆవిడ గుంటూరు నుంచి మోసుకెళ్ళిన స్టీలు గ్లాసు ఒకటి. రెండింటిలోనూ ఒకే సీసాలోది పోశాడు. మా అమ్మాయి నా కళ్ళకు తువ్వాలు కట్టింది. గ్లాసు నా చేతికివ్వకుండా ముక్కు దగ్గర పెట్టి, ఏది ఏదో చెప్పమన్నారు. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. నాకు గర్వం కలిగింది. "బొమ్మా బొరుసూ వేసినా అయిదు వస్తాయి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. తరువాత మందు పోసినట్టు చెంచాతో నాలుక మీద వేశాడు. ఒగరుగా, పుల్లగా, మాగిన నేరేడు పండు నాకినట్టుంది. రెండూ ఒకటే. అప్పుడు తువ్వాలు విప్పి, రెండు గ్లాసులూ చేతికిచ్చి ఒక్కొక్క గుక్క తాగమన్నారు. చెబితే నవ్వుతారు, గాజు గ్లాసులోది ఏదో పెద్ద వస్తువులా ఉంది, స్టీలు గ్లాసులోది ఆయుర్వేద కషాయంలా ఉంది. సీసా ఒక్కటేనని తెలిసి కూడా!

"ఏడు పదులకు చేరువయ్యాక ఇదేం బుద్ధండీ మీకు" అని మా ఆవిడ అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయింది.

తరువాత అల్లుడు నాకు కొన్ని పరిశోధనలు చూపించాడు. గ్లాసు పక్షాన గట్టి రుజువు జపాన్ వారిది. 2015లో టోక్యో శాస్త్రవేత్తలు ఆల్కహాలు ఆవిరి కంటికి కనిపించేలా ఫోటో తీసే ఒక ఏర్పాటు చేశారు. 13 డిగ్రీల చల్లదనంలో వైన్ గ్లాసు మూతి అంచు వెంట ఆవిరి ఉంగరంలా చుట్టుకుని, నడిమధ్యన పలచగా ఉందట. అంటే మధ్యన ముక్కు పెడితే ఆల్కహాలు ఘాటు తక్కువగా తగిలి, వైన్ పరిమళం తెలిసే అవకాశం ఉంది. మామూలు నిలువు గ్లాసులో ఆ ఉంగరం రాలేదు. కాబట్టి ఆకారానికి పని ఉన్నమాట నిజమే. రుచి అని మనం అనుకునేదానిలో చాలా భాగం వాసనే. జలుబు చేసినప్పుడు గోంగూర పచ్చడి కూడా ఉత్త ఉప్పూ పులుపుగా తోచడం అందరికీ అనుభవమే.

కానీ 2002లో అమెరికాలో ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు, గ్లాసు కంటికి కనబడకుండా, చేతికి తగలకుండా చేసి వాసన చూపించినప్పుడు, ఆకారం వల్ల వచ్చిన తేడా బహు స్వల్పమని తేల్చారు. గ్లాసు ఆకారాన్ని బట్టి వైన్ నాలుక మీద ఫలానా చోట పడి ఫలానా రుచి ఇస్తుందని తయారీదార్లు చెబుతూ వచ్చిన మాట కూడా నిలవలేదు. మన సైన్సు పుస్తకాలలో నాలుక బొమ్మ ఉండేది, జ్ఞాపకముందా? కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు. 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త కొలిచిన చిన్నపాటి తేడాలను 1942లో ఒక అమెరికా ఆచార్యుడు గ్రాఫు గీసిన తీరు వల్ల అందరూ పెద్ద తేడాలుగా అర్థం చేసుకున్నారు. నిజానికి అన్ని రుచులూ నాలుక మీద ఇంచుమించు అన్ని చోట్లా తెలుస్తాయి. నేను ఆ బొమ్మ గీసి అయిదు మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు వెనక్కి ఇవ్వమంటారేమో!

అన్నిటికంటే నాకు నచ్చింది ఫ్రాన్సువారి సంగతి. 2001లో అచ్చయింది. బోర్డో నగరంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థుల ముందు తెల్ల వైన్ పెట్టారు. అందులో వాసన లేని ఎర్ర రంగు కలిపారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారట. చదువుకున్నవారి ముక్కునే కళ్ళు అంత సులువుగా నడిపిస్తే, మనబోటి వాళ్ళ సంగతి చెప్పాలా? 2014లో కాఫీ మీద కూడా ఇటువంటి పరీక్ష జరిగింది. పాలు కలిపిన ఒకే కాఫీని తెల్ల కప్పులో, నీలం కప్పులో, గాజు కప్పులో ఇస్తే, తెల్ల కప్పులోది తీపి తక్కువగా ఉందన్నారు తాగినవారు.

కాఫీ మాట రాగానే మా ఆవిడ తిరిగి వచ్చి కూర్చుంది. "ఆ సారా సంగతి నాకు తెలియదు గాని, కాఫీకి గ్లాసు ఉండాలి. ఆ పొడుగు కాడ గ్లాసులో కాఫీ పోసి ఇస్తే తాగుతారా మీరు?" అన్నది. తాగలేనని ఒప్పుకున్నాను. మన డబరా గ్లాసులో శాస్త్రం లేకపోలేదు. డబరాలో తిరగబోస్తే నురగ వస్తుంది, వేడి దిగుతుంది. లోహం త్వరగా వేడెక్కుతుంది కనుక పట్టుకోవడానికీ, ఎత్తి పోసుకోవడానికీ అంచు బయటికి తిప్పి ఉంటుంది. ఇత్తడిదైతే లోపల కళాయి ఉండాలి. లేకపోతే పులుపు తగిలి కిలుం పడుతుంది. ఇవన్నీ ఎవరో ప్రయోగశాలలో కూర్చుని రాసినవి కావు. ఎంగిలి భయం కూడా అందులో ఉంది. పెదవి తగలకుండా తాగడానికే ఆ అంచు ఎక్కువ పనికివస్తుంది.

ఇక్కడితో ఆపితే సభ నవ్వుకుని ఇంటికి వెళ్ళేది. కానీ ఇంటికి తిరిగి వచ్చాక జరిగింది కూడా చెప్పాలని నిశ్చయించుకుని వచ్చాను.

అమెరికా నుంచి వచ్చిన నెలకు సెలవులకు మనవలు వచ్చారు. వాళ్ళకు అక్కడి పరీక్ష ముచ్చట చెబితే, కాఫీతో చేద్దామన్నారు. పింగాణీ కప్పు, స్టీలు గ్లాసు, పెళ్ళి విందుల్లో ఇచ్చే కాగితం కప్పు తెచ్చి పెట్టారు. నాకూ, మా ఆవిడకూ, మా తమ్ముడికీ తువ్వాళ్ళు కట్టారు. కాగితం కప్పును చెయ్యి తగలగానే అందరం కనిపెట్టేశాం, దాని కాఫీకి తక్కువ మార్కులు వేశాం. ఇంకొక మనిషి కావలసి వచ్చింది. పెరట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషిని మా చిన్న మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. 1999 నుంచి ఆమె మా ఇంట్లో చేస్తున్నది. మా అమ్మ మంచాన పడ్డ పద్ధెనిమిది నెలలూ చూసింది ఆమే.

పాప పింగాణీ కప్పు ఆమె చేతికివ్వబోయింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, "వద్దమ్మా, నా గ్లాసులో పొయ్యి" అన్నది. "నీ గ్లాసేది?" అని అడిగింది పాప. ఆమె వంటింటి వెనక కిటికీ వైపు చూపించింది.

అక్కడ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అంచు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. ఆ గ్లాసు అక్కడ ఉన్నదని నాకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు. ఆ కిటికీ ముందు నుంచే రోజూ పేపరు తీసుకుని వెళ్ళేవాణ్ణి. పాప "ఎందుకు వేరే గ్లాసు?" అన్నది. ఎవరమూ జవాబు చెప్పలేదు. మా తమ్ముడు తువ్వాలు విప్పుకుని బయటికి వెళ్ళాడు.

ఆ రాత్రి నాకు 1967 గుర్తుకు వచ్చింది. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చిన రోజు. మా బడి నుంచి మొదటి తరగతిలో ప్యాసైనవాళ్ళం ఇద్దరం. రెండోవాడు మా ఊరి పల్లె నుంచి వచ్చేవాడు. నాలుగేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నాం. లెక్కలు నాకు వాడే చెప్పేవాడు. మా నాన్న అర్ధరూపాయి ఇస్తే కాఫీ తాగుదామని నేనే లాక్కుపోయాను. మా ఊరి హోటల్లో లోపల గాజు గ్లాసులు. బయట పాక గుంజకు కొట్టిన మేకులకు సత్తు గ్లాసులు తగిలించి ఉండేవి. నేను అలవాటు ప్రకారం లోపలికి వెళ్ళి కూర్చున్నాను. వెనక్కి చూస్తే వాడు లేడు. బయట మేకు మీది గ్లాసు తీసి కడుక్కుని పట్టుకుంటే, హోటలాయన ఎత్తు నుంచి పోశాడు. అవే పాలు, అదే పొడి, అదే పొయ్యి. నేను గాజు గ్లాసులోది పూర్తిగా తాగాను. వాడు రెండు గుక్కలు తాగి మిగతాది వేపచెట్టు మొదట్లో పారబోసి, గ్లాసు కడిగి మేకుకు తగిలించి, "పోదాం రారా" అన్నాడు. దారిలో వాడు మాట్లాడలేదు. కాఫీ బాగోలేదేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. పదహారేళ్ళవాడికి తెలియదా అని మీరు అడగవచ్చు. తెలియకపోవడం నాకు సుఖంగా ఉంది.

సర్వీసులో చేరాక తెలిసింది, దానికి ఒక చట్టమే ఉందని. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం. 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నారు. దానిలో 4వ సెక్షన్ చదివి చూడండి. హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఆ గుంజకు మేకులున్నప్పటికి చట్టం వచ్చి పన్నెండేళ్ళు. వాడు తరువాత నాకంటే చాలా పెద్ద హోదాలో రిటైరయ్యాడు. ఎన్నో పెళ్ళిళ్ళలో కలిశాం. ఆ రోజు సంగతి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇళ్ళకు ఆ సెక్షన్ వర్తించదు. గుమాస్తా బుద్ధి కదా, అది కూడా చూశాను.

మర్నాడు మా ఆవిడ నాతో ఏమీ అనకుండానే కిటికీ మీది గ్లాసు తీసి, బాగా తోమి, మన గ్లాసులతో పాటు స్టాండులో పెట్టింది. పనిమనిషి వచ్చింది. కాఫీ వేరే గ్లాసులో పోసిస్తే తీసుకోలేదు. స్టాండులో వెతికి, నొక్కు చూసి, తన గ్లాసే తీసుకుంది. "ఇందులో తాగితేనే నాకు తాగినట్టుంటుంది అమ్మగారూ" అన్నది. అలవాటు వల్ల అన్నదో, ఇన్నేళ్ళ తరువాత ఇప్పుడెందుకు అనుకుని అన్నదో, నన్ను అడగకండి. నేను ఆమెను అడగలేదు. అడిగే హక్కు ఉన్నట్టు తోచలేదు.

ఇప్పటికీ అలాగే జరుగుతున్నది. స్టాండులో పన్నెండు గ్లాసులున్నాయి. ఆమె చెయ్యి మాత్రం దాని మీదికే పోతుంది. మొన్న సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. ఆ హడావుడిలో మా కోడలు చూడకుండా ఆ గ్లాసులోనే నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. నొక్కు చేతికి తగలగానే తెలిసింది. మార్చమని అనలేదు. తాగాను. నొక్కు ఉన్న వైపు అవతలికి తిప్పి తాగానని, గ్లాసు కింద పెట్టాక గమనించాను.

"పంచదార సరిపోయిందా మామయ్యా?" అని అడిగింది కోడలు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. రుచి చూడలేదు నేను.

మిత్రుడు అడిగిన మూడు వేల గ్లాసు ప్రశ్నకు జవాబు దారి తప్పిందని తెలుసు. వారి అబ్బాయిని ఆ గ్లాసులు వాడుకోమనండి, తప్పేమీ లేదు; కాకపోతే సబ్బు వాసన మిగలకుండా కడగమనండి, మా అల్లుడి అనుభవంలో వైన్‌ను చెడగొట్టేది ఎక్కువగా అదే. కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, టీ కూడా వచ్చినట్టుంది.